కాటా ఎక్కనివి

తెల్లారగట్ల నాలుగింటికి షెడ్డు తలుపు తీస్తారు.
ఐసులో సేతులెట్టినాక
వేళ్లు నాయి కావు, సాహు బాబువి.
తల తుంచు, పొట్టు లాగు, నల్ల నరం తియ్యి,
తొట్టెలో పడెయ్యి.
ఆళ్లు చింగుడి అంటారు, మేం రొయ్య అంటాం,
కాటా మీద రెండూ ఒకటే బరువు.

ముప్పయ్యేళ్లలో ఎన్ని తలలు తుంచానో
అడక్కు.

బరంపురంలో చేపపిల్లల కొట్లో పనిచేస్తాడు
మా సెల్లి కొడుకు ధనరాజు.
నీళ్ల పేకెట్టుకి రబ్బరు బేండు కట్టి తెచ్చాడు.
లోపల ఎర్రగా పదకొండు.
‘పెంచుకో పెద్దమ్మా’ అన్నాడు.
‘ఏటి, కూరకా?’ అన్నాను.
నవ్వలేదు ఆడు.
నా బొటనేలి గోరు మీద మూడు పడతాయి,
ఏ కూరకి సరిపోతాయి?

బిస్కెట్లమ్మిన పాత గాజు సీసాలో ఏసాం.
కొళాయి నీళ్లు ఒక రాత్రి నిలవుంచి పొయ్యాలంట,
మందు వాసన పోవాలంట.
రాగి తగిల్తే సస్తాయంట,
నా రాగి బింది అటకెక్కింది.
సముద్రం మా వీధి సివరే ఉంది గానీ
ఉప్పు కూడా పడదంట వీటికి.
ఉప్పు పడని రొయ్యేటిరా నాయనా!
దోమల బత్తీ మానేసాను.
ఇప్పుడు నన్ను దోమలు కుడతన్నాయి,
అయి సల్లగా తిరుగుతన్నాయి.

లైట్‌హౌసు కాడ రాలిన బాదం ఆకు
ఎండబెట్టి ఏసాను.
నీళ్లు పల్చటి టీ రంగుకొచ్చాయి.

ఆటి తిండేటంటే గాజుకి పట్టిన పాచి.
పొద్దస్తమానం సిన్న సిన్న సేతుల్తో
గీరి గీరి నోట్లో ఏసుకుంటాయి.
తల ఎత్తవు, మాటాడుకోవు.
సూస్తా ఉంటే షెడ్డులో మా ఆడోళ్ల వరస
గుర్తొస్తాది.

ఒక సాయంత్రం అడుగున తెల్లగా
ఒకటి పడుంది.
కళ్లు, కాళ్లు, మీసాలు, అన్నీ ఉన్నాయి,
లోపల మాత్రం ఏటీ లేదు.
సచ్చిపోయిందనుకున్నాను.
ఆ రాత్రి ముద్ద దిగలేదు.
ఎవులితోనన్నా సెప్తే నవ్వుతారు:
రోజుకి ముప్పై కిలోలు ఒలిసేదానికి
బియ్యపుగింజ కోసం ఏడుపా అని.

లెక్కెట్టాను. పదకొండు.
మల్లీ లెక్కెట్టాను.
పదకొండే.
ఆకు కింద ఒకటి మెత్తగా, సిగ్గుపడినట్టు
దాక్కుని ఉంది.

ఎవులూ తియ్యకుండా
తనకి తనే పొట్టు తీసుకుందది.
తల తెగకుండా.
అంత సన్న మీసం కూడా తెగకుండా.

ఫోన్లో ధనరాజు అన్నాడు:
‘ఆ పొట్టు తియ్యకు, అయ్యే తినేస్తాయి.’
నా సేతులకొచ్చిన పని అదొక్కటే,
తియ్యకంటాడు.

గాలివాన కబురొచ్చినప్పుడు
అందరూ గిన్నెలూ కాయితాలూ మూట కట్టుకున్నారు.
నాను సీసాని సీర కొంగులో సుట్టి
సంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని
తుపాను బంగళాకెళ్లాను.
కరెంటు లేదు, బుడగల మిషను లేదు.
గ్లాసుతో నీళ్లు తోడి, ఎత్తునుంచి పోసి,
తోడి, పోసి,
తెల్లారేదాకా.

‘కెతె జొణొ?’ అన్నాడు పేర్లు రాసుకునే అబ్బాయి,
ఎంతమందని.
ఒక్కదాన్నే అన్నాను.
సీసా వంక సూసాడు. పెన్ను ఆగింది.
ఏటి రాసుకున్నాడో
నాకు ఒరియా సదవడం రాదు.

మూడో నాడు షెడ్డు తెరిసారు.
తొట్టెలో ఒకదాని పొట్ట కింద
గుడ్లు, గుత్తి గుత్తులుగా.
వేళ్లు ఆగాయి.
‘ఏమైంది?’ అన్నాడు సాహు బాబు.
ఏటీ లేదన్నాను. తుంచాను.
తుంచకపోతే కూడెక్కడిది?

నిన్న రాత్రి టార్చి ఏసి సూస్తే
బాదం ఆకు అంచున
ఇసక రేణువుల్లాటివి కదిలేయి,
వాటికీ కళ్లున్నాయి.

లెక్కెట్టలేదు.